పదకొండు ఆదివారాలు

ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, మా ఊళ్ళో మిగిలిన వరిచేలు రెండే రెండు. ఒకటి మాది, ఎకరంన్నర. దాన్ని ఆనుకుని జోగారావు బాబాయిగారిది, నాలుగెకరాలు. మిగతా ఊరంతా చేపల చెరువులైపోయింది. ఎటు చూసినా ఎత్తయిన గట్లు, గట్ల మధ్య పసరు రంగు నీళ్ళు, ఆ నీళ్ళ మీద మేత బస్తాలేసుకుని తిరిగే పడవలు. "ఊరంతా ప్యాంట్లేసుకుని పెళ్ళికెళ్తే మనిద్దరం గావంచాలు కట్టుకుని వెళ్ళినట్టుందండీ విశ్వాసం గారూ," అని జోగారావు బాబాయిగారు మా నాన్నగారిని నవ్వించేవారు. నాన్నగారు నవ్వేవారు కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలిచేది కాదు.

ఆకివీడు నుంచి నిత్యానందం గారనే చెరువుల ఆసామి నెలకోసారి మోటార్ సైకిల్ మీద వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి వెళ్ళేవారు. మర్యాదస్తుడే. మీ రెండు చేలూ కలిపి లీజుకిస్తే ఒక మంచి చెరువవుతుందని ఆయన మాట. జోగారావు బాబాయిగారి భార్య నాగరత్నం పిన్నిగారికి ఇచ్చేద్దామనే ఉంది. బాబాయిగారికే మనసొప్పలేదు. ఆయన ఇచ్చేస్తే మా పని కూడా అయిపోయినట్టే. పక్కన చెరువు పెట్టుకుని ఎకరంన్నరలో వరి పండించడం అయ్యే పని కాదు, ఊటకి చేను కుళ్ళిపోతుంది. "ఈ ఒక్క దాళ్వా చూద్దాం. గింజ చేతికొస్తే ఉంచుకుందాం. రాకపోతే నిత్యానందం గారికే," అని ఇద్దరూ మాట అనుకున్నారు. ఒకప్పుడు మా తాత కూలికెళ్ళిన చేలోంచే మా నాన్నగారు ఆ ముక్క కొనుక్కున్నారు. అది పోతే మాకు ఊళ్ళో మిగిలేది ఇల్లూ, చర్చిలో బెంచీ.

నీళ్ళే మా బాధంతా. మాది కాలవ శివారు. ఆ ఏడు గోదావరి నీళ్ళు పై ఊళ్ళకే చాలలేదు. మాకు దిక్కు ఉప్పుటేరు. కొల్లేరు నీటిని సముద్రానికి మోసుకెళ్ళే ఏరు అది. ఎండలు ముదిరి కొల్లేరు తగ్గాక వ్యవహారం తిరగబడుతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రమే ఏటికి ఎదురెక్కుతుంది. నీరు మంచిగా ఉన్న పూట చూసుకుని, జోగారావు బాబాయిగారి ఆయిల్ ఇంజిన్‌తో తోడి, ఒకే బోదెలోంచి రెండు చేలకీ పెట్టేవాళ్ళం. ఇంజిన్ ఆయనది. ఏ పూట నీరు మంచిదో చెప్పే పని మాది.

ఆ పని మాకు ప్రసన్నక్క వల్ల వచ్చింది. 2005 జనవరి రెండో వారంలో విశాఖపట్నం నుంచి వచ్చింది ఆవిడ, రీసెర్చి చేసే మనిషి. తాడేపల్లిగూడెంలో వాళ్ళ పిన్నిగారింట్లో దిగి, రోజూ బస్సులు పట్టుకుని తిరిగేది. ఏలూరు వైపు నుంచి కొల్లేరంతా పడవ మీద తిరిగి కొలిచిందట. ఇప్పుడు ఉప్పుటేరు పట్టుకుంది. సునామీ వచ్చి పట్టుమని మూడు వారాలు కాలేదు. సముద్రం పేరెత్తేసరికి ఊరంతా ఆవిడ చుట్టూ మూగి, మళ్ళీ వస్తుందాండీ, ఎప్పుడొస్తుందండీ అని ఒకటే ప్రశ్నలు.

"అది వేరండీ. నేను చూసేది మెల్లిగా వచ్చేదాన్ని," అంది ఆవిడ ఓపిగ్గా.

"మెల్లిగా అంటే ఎంతమ్మా?" అంది మా అమ్మ కృపమ్మ.

"ఏడాదికి మీ గాజు మందమంత పెరుగుతోందండీ సముద్రం."

అమ్మ చెయ్యెత్తి గాజు చూసుకుంది. "ఇంతేనా? దీనికోసం అంత దూరం నుంచి వచ్చావా తల్లీ!"

అందరూ నవ్వారు. ప్రసన్నక్కా నవ్వింది. తర్వాత మట్టిలో పుల్లతో గీసి చెప్పింది. ఇక్కడి నేల బల్లపరుపు. పైనుంచి వచ్చే ఒండ్రు తగ్గిపోయి నేల కొద్దికొద్దిగా కుంగుతోంది కూడా. అటు సముద్రం పెరిగి ఇటు నేల కుంగితే, ఆ గాజు మందమే ఏటి వెంట చాలా దూరం ఎక్కి వస్తుంది. ఎంత దూరం వస్తోందో, ఏ నెలలో వస్తోందో మన ఏటి మీద రోజువారీగా రాసిపెట్టినవాళ్ళు లేరు. రెండు పూటలా ఏటి మట్టం చూసి, నీటిలో ఉప్పెంతుందో చూసి రాసే మనిషి కావాలి. అలా ఏళ్ళ తరబడి రాస్తే గానీ సముద్రం సంగతి తేలదు.

ఊరంతా మా నాన్నగారి వైపు చూసింది.

నాన్నగారు ముప్పై నాలుగేళ్ళు కాలవల మీద లస్కరుగా చేసి దిగిపోయారు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి పుస్తకంలో అంకె వేయడం, ఆయన జీవితమంతా అదే. చర్చిలో సంఘపెద్ద. ఆయన నోట అబద్ధం విన్నామని ఊళ్ళో ఎవరూ అనరు. ప్రసన్నక్క రేవులో అంకెలేసిన ఇనప గేజి పాతించి, పెన్నులాంటి మీటరొకటి ఆయన చేతిలో పెట్టింది. నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. "ఒకటిలోపుంటే మంచి నీరండీ. రెండు దాటితే పొలానికి పెట్టొద్దు. పున్నమికీ అమావాస్యకీ జాగ్రత్తగా చూడండి, పోటు బాగా ఎక్కుతుంది," అని చెప్పింది. అచ్చేసిన కాయితాల కట్ట నాకిచ్చింది, బీయెస్సీ చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని కనక. నాన్నగారు చూసి చెప్పాలి, నేను రాయాలి. ఆ అంకెలే పలక మీద కూడా రాసి అరుగు స్తంభానికి తగిలించేదాన్ని, జోగారావు బాబాయిగారి కోసం.

ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పులు వీధిలో విడిచి, పలక ముందు కాసేపు నిలబడేవారు. "పాయింటు ఏడు. అంటే తియ్యగా ఉన్నట్టే కదా కెజియమ్మా?" అనేవారు. "అవునండీ బాబాయిగారూ," అనేదాన్ని. ఆ తర్వాత ఏటి గట్టు మీద ఇంజిన్ చప్పుడు వినబడేది. ఫిబ్రవరంతా అలాగే నడిచింది. చేలు దుబ్బు కట్టి కళ్ళకింపుగా ఉన్నాయి. నాగరత్నం పిన్నిగారు కూడా లీజు మాట ఎత్తడం మానేశారు.

ఆదివారాల సంగతి నాకు మొదటి శనివారమే తెలిసిపోయింది.

శనివారం సాయంత్రం అంకెలు చెప్పాక నాన్నగారు కాసేపాగి, ఆదివారానివి కూడా చెప్పేవారు. పొద్దుటిదింత, సాయంత్రానిదింత. మొదటిసారి నేను పెన్ను ఎత్తి చూశాను.

"రేపటివి ఇవాళెలా తెలుస్తాయి నాన్నగారూ?"

"ఒక్కరోజులో ఏం మారిపోతుందే? రాయి."

ఆదివారం ఆయన పని ముట్టరు. ముందటేడు మత్తయి మావయ్య వాన వస్తుందని భయపడి ఆదివారం కుప్ప వేసుకుంటే, సంఘంలో లేచి నిలబడి మందలించిన మనిషి. అలాగని కాయితంలో గడి ఖాళీగా వదలడం కూడా ఆయన వల్ల కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద గాలివానకి గేజి రాయి నీళ్ళలో మునిగిపోయింది. కనబడని గేజిని ఏం చూస్తామని ఆ రోజు గడి వదిలేశారట. పైనుంచి మెమో వచ్చింది. మునిగిపోయిన గేజికి కూడా అంకె చెప్పాలన్నమాట. అప్పట్నించి ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆయన పుస్తకంలో ఖాళీ గడి లేదు. శనివారమే ఆదివారానిది వేసేసేవారు. కాలవలో అది తప్పూ కాదు, తలుపు ఎంత ఎత్తితే అంతే నీరు, సోమవారం దాకా అంగుళం మారదు.

ఏరు కాలవ కాదు. ఆ సంగతి ఆయన కంటే నాకు బాగా తెలుసు. ప్రసన్నక్క మట్టిలో గీసింది నేను కళ్ళారా చూశాను. అయినా ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. అంతవరకూ పున్నములూ అమావాస్యలూ మంగళవారాల్లో, గురువారాల్లో పడి మమ్మల్ని కాచాయి. సోమవారం అంకె ఆదివారం అంకెకి దగ్గర్లోనే ఉండేది. పోన్లే అనుకున్నాను. నా జీవితంలో చెడ్డ పనులన్నీ నేను పోన్లే అనుకునే చేశాను.

మార్చి ఇరవై ఐదు గుడ్ ఫ్రైడే. పున్నమి కూడా ఆ రోజే. చేలు అప్పుడే ఈని పాలు పోసుకుంటున్నాయి. ఆ పది రోజులు మంచి నీరు అందితే చాలు, పంట చేతికొచ్చినట్టే. శుక్రవారం పొద్దున ఏట్లో పాయింటు ఎనిమిది. శనివారం పొద్దున ఒకటి. శనివారం సాయంత్రం ఒకటీ పాయింటు ఆరు.

ఆ సాయంత్రం ఇల్లంతా హడావిడి. తెల్లవారుజామున నాలుగింటికి ఈస్టర్ ఊరేగింపు, సమాధుల తోటలో ఆరాధన. అమ్మ గారెలకి పప్పు నానబోసి, నాన్నగారి తెల్ల పంచె గంజి పెట్టి ఆరేసింది. ఇల్లు కడిగి, కల్లాపి జల్లి, చర్చి తుడిచి వచ్చి నేను నడుం పట్టేసి గుమ్మంలో కూలబడ్డాను. నాన్నగారు మీటరు తుడిచి పెట్టెలో పెడుతూ అన్నారు.

"రేపు పొద్దునకి ఒకటీ పాయింటు రెండు వెయ్యమ్మా. సాయంత్రానికి ఒకటి వేసెయ్యి."

"ఎక్కుతోంది కదా నాన్నగారూ. నిన్న పున్నమి. రేపు పొద్దున ఆరాధన అయ్యాక ఒక్కసారి చూసొస్తే?"

"కెజియా. రేపేరోజు?"

నేను కాయితం ముందుకి లాక్కున్నాను.

"ఎక్కిన నీరు తగ్గకుండా ఉంటుందా? రాత్రికి పాటు వచ్చి నీరు వెనక్కి తీస్తుంది. రాయి తల్లీ, అలిసిపోయున్నావు, తొందరగా పడుకో."

ఆయన ప్రేమగానే అన్నారు. నేను రాశాను. కాయితం మీద రాసి, తెల్లవారుజామున చీకట్లో లేచి రాయలేనని పలక కూడా అప్పుడే తుడిచి, ఆదివారం పొద్దున ఒకటీ పాయింటు రెండు అని గుండ్రంగా రాసి స్తంభానికి తగిలించాను. చేతికి అంటిన సుద్ద పరికిణీకి తుడుచుకుని వెళ్ళి పడుకున్నాను. ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

ఈస్టర్ బాగా జరిగింది. పాస్టరు యాకోబు గారు సమాధుల మధ్య నిలబడి ప్రసంగం చేస్తుండగా తెల్లారింది. చర్చిలో రెండో ఆరాధన అయ్యి, అందరికీ చేతులు కలిపి, ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. దూరంగా ఇంజిన్ చప్పుడు వినబడుతూనే ఉంది. ఏటి వైపు రెండడుగులు వేశాను కానీ అమ్మ పిలిస్తే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం జోగారావు బాబాయిగారు వచ్చారు, మోకాళ్ళ దాకా బురదతో, లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి.

"పండగ శుభాకాంక్షలండీ విశ్వాసం గారూ. పొద్దున పలక చూసి ఇంజిన్ వేసేశానండీ. ముందు మీ చేనుకే పెట్టాను. పండగ పూట మీరు రాలేరు కదా అని. నిండా పెట్టాను. ఇప్పుడు మా దానికి వెళ్తోంది."

"మీకెందుకండీ శ్రమ," అన్నారు నాన్నగారు. ఆయన కళ్ళు చెమర్చాయి. అమ్మ కారియర్లో కోడికూర, గారెలు సర్ది ఇచ్చింది. బాబాయిగారు మూత తీసి వాసన చూసి, "మా ఆవిడకి చెప్పకండేం, ఇవాళ ఆవిడ వంకాయ వండింది," అని నవ్వుకుంటూ మళ్ళీ చేనుకే వెళ్ళారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గానీ ఇంజిన్ ఆగలేదు.

సోమవారం పొద్దున రేవులో నాన్నగారు మీటరు ముంచారు. ఏడూ పాయింటు నాలుగు చూపించింది. పాడైందనుకుని తుడిచి మళ్ళీ ముంచారు. అదే అంకె. నన్ను ఇంటికి పరిగెత్తించి చెంబుతో తాగే నీళ్ళు తెప్పించి అందులో ముంచారు. పాయింటు రెండు. మీటరు బాగానే ఉంది. నాన్నగారు రేవు మెట్టు మీద కూర్చుండిపోయారు. నేను గేజి వైపు చూశాను. నిన్న నీరు ఎంత ఎత్తుకి ఎక్కిందో తడి చార చెబుతోంది. మేం రాసిన అంకెకి అది జానెడు పైన ఉంది.

ఇద్దరం జోగారావు బాబాయిగారింటికి వెళ్ళాం. "ఏరు ఉప్పెక్కిందండీ. ఇంజిన్ వెయ్యకండి," అన్నారు నాన్నగారు.

"రాత్రికి రాత్రే ఎక్కిందాండీ?"

నాన్నగారు తల మాత్రం ఊపారు. అది అవుననో కాదనో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? బాబాయిగారు అవుననే అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు.

గట్లు తెంపి చేలో నీరు తీసేశాం. తీసేసి పెట్టడానికి మంచి నీరెక్కడుంది? బావి నీళ్ళు బిందెలతో పోస్తే ఐదున్నర ఎకరాలు తడుస్తాయా? అయినా నాన్నగారు రెండు రోజులు కావిడితో మోశారు, మా చేనుకి కాదు, బాబాయిగారి చేను మొదట్లో ఓ నాలుగు మళ్ళకి. "మీకేమైనా పిచ్చా ఏవండీ?" అని అమ్మ తిట్టింది. ఆయన వినిపించుకోలేదు.

నాలుగో రోజుకి ఆకు కొసలు ఎర్రబడ్డాయి. వారానికి వెన్నులు తెల్లబోయి నిటారుగా నిలబడ్డాయి. పాలు పోసుకున్న వెన్ను బరువుకి వంగాలి. వంగలేదంటే లోపల ఏమీ లేనట్టే. బాబాయిగారు ఒక వెన్ను కోసి అరచేతిలో నలిపి ఊదితే మొత్తం పొట్టు ఎగిరిపోయింది. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేదని నాకనిపించింది.

ఏప్రిల్ మొదటి వారం చివర్లో ప్రసన్నక్క కాయితాలు తీసుకోవడానికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తను పెట్టిన మెషీన్ గీసిన గీతలు పక్కన పెట్టుకుని, మా కాయితాలు ఒక్కొక్కటే చూసింది. చాలాసేపు చూసింది. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"విశ్వాసం గారూ, మార్చి ఇరవై ఏడో తారీకు ఏమైందండీ? మొగలో పోటు ఈ సీజన్లో అన్నిటికంటే ఎక్కువ ఆ రోజే. ఇక్కడ చూస్తే తగ్గినట్టుంది."

నాన్నగారు లేచి నిలబడ్డారు. పెద్ద ఆఫీసరు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడకి నా కంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో.

"ఆదివారం మేం ఏటికి వెళ్ళమండీ. శనివారమే వేసేస్తామండీ."

"ఆ ఒక్క ఆదివారమా అండీ?"

"అన్నీనండీ. పదకొండు."

ఆవిడ కాసేపు పెన్నుతో కాయితం మీద చిన్నగా తట్టింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. అలసటగా కళ్ళు నులుముకుంది, అంతే.

"సర్లెండి, ఆదివారాలన్నీ తీసేస్తాను. మిగతావి చాలా బాగున్నాయి, ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు నాకు." తర్వాత మెల్లిగా అంది, "వెళ్ళని రోజు ఖాళీగా వదిలేస్తే సరిపోయేదండీ."

"ఖాళీగా వదలొచ్చాండీ?" అన్నారు నాన్నగారు.

"వదలొచ్చండీ. ఖాళీ ఉంటే ఆ రోజు చూడలేదని మాకు తెలుస్తుంది. దాంతో ఇబ్బందేం లేదు."

నాన్నగారి ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. ఆయన పక్కనున్న స్తంభం పట్టుకున్నారు. వదలొచ్చు. అంత చిన్న మాట ముప్పై నాలుగేళ్ళలో ఆయనకి ఒక్కరూ చెప్పలేదు. ఆ మాట తెలిసుంటే ఆదివారాలు ఆదివారాల్లానే ఉండేవి, పలక ఖాళీగా ఉండేది, జోగారావు బాబాయిగారు ఇంజిన్ వేసేవారు కాదు. నాకు ప్రసన్నక్క మీద కోపమొచ్చింది. ఆ మాట జనవరిలో చెప్పి చావొచ్చు కదా అనుకున్నాను. ఆవిడ తప్పేముంది, పాపం. ఎవరైనా ఇలా చేస్తారని ఆవిడకి కలలోకైనా వస్తుందా?

జూన్ దాకా చూసిపెట్టమని అడిగి ఆవిడ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. నాన్నగారు కండువా భుజాన వేసుకుని, "రా," అన్నారు నాతో. ఎక్కడికని నేను అడగలేదు.

జోగారావు బాబాయిగారు పశువుల పాక ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. లేచి మాకు చోటిచ్చారు. నాన్నగారు కూర్చోలేదు.

"జోగారావు గారూ, పండగనాడు నేను గేజి చూడలేదండీ. ముందురోజే ఊహించి వేసేశాను. తప్పు అంకె అది. పలక మీద రాసింది నేనే."

చివరి మాట విని నేను తలెత్తి చూశాను. నాన్నగారు నా వైపు చూడలేదు. రాసింది నేను. ఆ మాట అప్పుడే అక్కడే చెప్పాల్సింది. చెప్పకుండా ఆయన వెనక్కి జరిగాను. లోపల గుమ్మంలో నాగరత్నం పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

బాబాయిగారు మళ్ళీ మంచం మీద కూర్చున్నారు.

"మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఏటి నీరు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని చూసి గానీ తోడేవాడు కాదండీ. నేనూ మొన్న సంక్రాంతి దాకా అంతే. మీ పలక వచ్చాక నోట్లో పోసుకోబుద్ధి కాలేదండీ. ఒక్క పుక్కిలి పోసుకుంటే తెలిసిపోను. తప్పంతా మీ మీద వేసుకుంటారేంటండీ?"

"మీరలా అనకండి," అన్నారు నాన్నగారు. "నాలుగు తిట్టండి బాబూ."

"తిడితే గింజ పోసుకుంటుందాండీ? కూర్చోండి."

నాన్నగారు కూర్చోలేదు. మేం వచ్చేశాం.

పంటని గడ్డికింద కోసేశాం. అన్న మాట ప్రకారం రెండు చేలూ నిత్యానందం గారికి వెళ్ళాయి. ఆయన వచ్చి ఎప్పట్లా మజ్జిగ తాగి, "మీకు ఇబ్బంది లేకుండా చూసుకుంటానండీ," అన్నారు. మే నెల రెండో శనివారం పొక్లెయిన్ వచ్చింది. మధ్య గట్టు తీసేయడానికి దానికి అరగంట పట్టలేదు. మాదేదో వాళ్ళదేదో తెలియకుండా పోయింది. నాన్నగారు చూడ్డానికి రాలేదు. నేను వెళ్ళాను. బాబాయిగారు దూరంగా ఇంజిన్ పక్కన నిలబడి ఉన్నారు. దాన్ని అమ్మకానికి పెట్టారని అప్పటికే విన్నాను.

"బాబాయిగారూ, ఆ రోజు పలక మీద రాసింది నాన్నగారు కాదండీ. నేను. ఎక్కుతోందని తెలిసి కూడా రాశాను."

"తెలుసమ్మా," అన్నారు ఆయన. "మూడు నెలలు రోజూ చూశాను, నీ చేతిరాత నాకు తెలీదా?"

"మరి ఆ రోజే అనలేదేం?"

"మీ నాన్నగారు ఒక మాటన్నాక, ఆయన ఎదురుగా కాదని ఎలా అంటానే?"

పొక్లెయిన్ తొట్టె పైకి లేచి మట్టి కుమ్మరించింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు చూడకుండా భుజం మీద తుండు తీసి ఇచ్చారు. ఆయిల్ వాసన వేస్తోంది అది.

మర్నాడు ఆదివారం. ఐదున్నరకి లేచి, మీటరూ కాయితాలూ తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. గుమ్మం దాటుతుంటే నాన్నగారు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు. రేవులో ఒక్క మనిషి లేడు. చర్చి మైకులో పాట మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు నేను. మీటరు ముంచాను. పదకొండూ పాయింటు రెండు. మట్టం చూశాను. రెండూ గడుల్లో రాశాను. ఆ నీరు ఇక ఏ చేనుకీ అక్కర్లేదు. ఇంటికి రాబుద్ధి కాక ఎండెక్కే దాకా అక్కడే కూర్చున్నాను.

నేను వచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది, చర్చి చీర మడత పెడుతూ. నాన్నగారు పాస్టరు గారితో మాట్లాడి వస్తారంది. నా చేతిలో మీటరు చూసి, చీర మంచం మీద పెట్టేసింది.

"పాస్టరు గారు అందరిలోనూ అడిగారే, కెజియా రాలేదేం అని. ఒంట్లో బాగోలేదని చెబుదామనుకున్నాను. ఈలోగా మీ నాన్నగారు లేచి నిలబడ్డారు. ఏటికి కొలతకెళ్ళిందండీ, నేనే పంపాను అన్నారు. మత్తయి అన్నయ్య వెనక్కి తిరిగి మరీ చూశాడు." అమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నిజంగా ఆయనే పంపారా?"

"అవునమ్మా," అన్నాను. "నాన్నగారే పంపారు."